నాలుగో సీటు

పోయిన నెల కబుర్లు రాయలేదు. ఏమైందని అడిగినవాళ్ళకి ఊళ్ళో లేనని చెప్పాను. ఊళ్ళో లేని మాట నిజమే గానీ, రాయకపోవడానికి కారణం అది కాదు. జరిగింది జరిగినట్టు రాయాలంటే ముందు నా బరువెంతో చెప్పాలి. ఆ ధైర్యం రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

148 పౌండ్లు. అంటే 67 కిలోలు. హమ్మయ్య, చెప్పేశాను. ఇక మొదలుపెడతాను.

జూలైలో మూడు కుటుంబాలం కలిసి లేక్ తాహో వెళ్దామనుకున్నాం. సరస్సుకి దక్షిణపు ఒడ్డున చెక్క ఇల్లొకటి వారాంతానికి అద్దెకి తీసుకున్నాం. మా ఇళ్ళన్నీ శాన్ హోసే చుట్టుపక్కలే. రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటల ప్రయాణం. శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు ఖాళీగా ఉండడం నేనైతే చూడలేదు.

ఆ మూడు కుటుంబాల్లో ఒకటి మా కాలేజీ సీనియర్‌ది. నేను అన్నయ్యా అని పిలుస్తాను. పగలంతా నాలాగే కోడ్ రాసుకునే మనిషి. రెండేళ్ళ కిందట ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. సొంత విమానం లేదు, ఒక ఫ్లయింగ్ క్లబ్బులో గంటల లెక్కన అద్దెకి తీసుకుని నడుపుతాడు. సెస్నా 172 అంటారు దాన్ని. రెక్కలు తల మీద ఉంటాయి, ముక్కుకి ఒకటే ప్రొపెల్లర్, లోపల నాలుగు సీట్లు. 1956లో తయారీ మొదలైంది, ఇప్పటిదాకా 44 వేలకి పైగా చేశారు. ప్రపంచంలో ఇంకే విమానాన్నీ ఇన్ని చెయ్యలేదట. ఒక రకంగా ఆకాశంలో అంబాసిడర్ కారన్నమాట.

"మీ వదినా పిల్లలూ శుక్రవారం రాత్రి కార్లో పోతారు. నాకా రాత్రి ఆఫీసు పనుంది. శనివారం పొద్దున్నే విమానంలో వస్తాను. గంటన్నర కూడా పట్టదు. మూడు సీట్లున్నాయి, ఎవరొస్తారు?" అన్నాడు అన్నయ్య.

అతని మాట పూర్తి కాకముందే "మేం ముగ్గురం" అన్నాను. నేను, మా ఆయన, మా నాన్న.

అమ్మా నాన్నా ఆర్నెల్ల కోసం వచ్చి ఉన్నారప్పుడు. నాన్న నరసరావుపేట చుట్టుపక్కల రూట్లలో ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. వచ్చినప్పటి నుంచీ ఆయనకి ఇక్కడ చూడ్డానికి ఏమీ తోచలేదు. గోల్డెన్ గేట్ చూపిస్తే "బాగుందమ్మా" అన్నారు. మా ఆఫీసు చూపిస్తే "బాగుందమ్మా" అన్నారు. కాస్ట్కో చూపించినప్పుడు మాత్రం "ఇంత సరుకు ఎవరు కొంటారు?" అని అడిగారు. అంతకుముందు ఒకసారి అన్నయ్య నన్ను ఆ బుల్లి విమానంలో బే మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఆ అరగంటా నేను పదేళ్ళ పిల్లనైపోయాను. నాన్నకి అది చూపించాలి, పక్కన కూర్చుని ఆయన మొహం నేను చూడాలి. అదీ నా కోరిక. నేను పక్కన ఉండడం కూడా అందులో భాగమే, అది గుర్తుపెట్టుకోండి.

అమ్మని కూడా అడిగాను. "సౌందర్య ఎక్కింది కూడా ఇట్లాంటి దాంట్లోనే కదే" అంది. మనవాళ్ళలో చిన్న విమానం పేరెత్తితే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఇదే మాట. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన ఆ విమానం సెస్నా 180. లేచిన కాసేపటికే కూలిపోయింది. సౌందర్యతో పాటు లోపలున్న నలుగురూ పోయారు. ఆ రోజు మా వీధిలో టీవీల ముందు ఏడవని ఆడవాళ్ళు లేరు. అమ్మకి నేనేం జవాబు చెప్పను? "ఆ తూనీగలో నేనెక్కను, మీరూ ఎక్కకండి" అని, వింటామనే నమ్మకం లేక, శుక్రవారం రాత్రే వదినతో కార్లో వెళ్ళిపోయింది.

ముందు డబ్బుల సంగతి. అద్దె గంటకి 190 డాలర్లు, ఇంధనం అందులోనే. రానూ పోనూ మూడు గంటలు వేసుకుంటే 570. మేం ముగ్గురం కలిసి మొత్తం ఇచ్చేద్దామనుకున్నాం. మనిషి నడుపుతుంటే అతని దగ్గర వాటా ఏం తీసుకుంటాం, బాగోదు కదా. మన పద్ధతే అది. హోటల్లో బిల్లు కోసం కుస్తీ పట్టకపోతే నిద్ర పట్టదు.

అన్నయ్య ఒప్పుకోలేదు. మొహమాటానికి వద్దంటున్నాడనుకుని ఇంకా గట్టిగా బతిమాలాను.

"మొహమాటం కాదు తల్లీ, చట్టం. ప్రైవేట్ పైలట్‌ని నేను. ఇంధనం, ఆయిలు, విమానాశ్రయం రుసుములు, అద్దె. ఈ నాలుగు ఖర్చులే పంచుకోవచ్చు. అందులో నా సమాన వాటా నేను పెట్టుకుని తీరాలి. నలుగురం ఎక్కితే నాలుగో వంతు నాది. ఒక్క డాలరు తగ్గినా మీ దగ్గర కిరాయి తీసుకున్నట్టే. అప్పుడు నేను నడిపేది టాక్సీ అవుతుంది. టాక్సీ నడిపే లైసెన్సు వేరు."

పైగా అందరూ ఒకే పని మీద వెళ్తుండాలట. తాహోలో మనందరికీ ఒకే ఇల్లుంది కాబట్టి సరిపోయింది. చివరి నిమిషంలో మా ఆయన రావడం అనుమానమైనప్పుడు, ఒక సీటు ఖాళీ అవుతుందేమో, మా రెండొందల మంది తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టనా అని అడిగాను. అన్నయ్య దాదాపు ఫోన్లోంచి బయటికొచ్చాడు. తెలిసినవాళ్ళని అడగడం వేరట, ఊరందరికీ చాటింపు వెయ్యడం వేరట. బోస్టన్‌లో ఫ్లైట్‌నౌ అని ఒక స్టార్టప్ ఉండేది. ఎక్కడికో వెళ్తున్న పైలట్లనీ, ఖర్చు పంచుకుని వాళ్ళతో వెళ్దామనుకునేవాళ్ళనీ వెబ్‌సైట్లో కలిపేది. అది కుదరదని ఎఫ్ఏఏ అంది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2015 డిసెంబర్లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఎఫ్ఏఏ పక్షానే తీర్పు చెప్పింది. సుప్రీం కోర్టు ఆ కేసు చేపట్టలేదు. యూరప్‌లో మాత్రం వింగ్లీ లాంటివాళ్ళు అదే పని దర్జాగా చేస్తున్నారు. ఒకే పని ఒక ఒడ్డున నేరం, ఇంకో ఒడ్డున వ్యాపారం.

చివరికి మా ఆయన వస్తున్నారనే తేలింది.

తర్వాత అన్నయ్య ఫోన్ చేసి "అందరి బరువులూ చెప్పు, సామాను కూడా" అన్నాడు.

నేను 130 అన్నాను. అది నా పెళ్ళప్పటి బరువు. అబద్ధమని అనుకోలేదు, మనసులో నేనింకా అంతే. మా ఆయనది 175 అన్నాను. ఆయన డాక్టర్ దగ్గర రాయించే అంకె అదే. నాన్నని అడిగితే "అరవై ఐదు కిలోలుంటానమ్మా" అన్నారు, రిటైరైన రోజు నుంచీ అదే చెబుతున్నారు. 143 పౌండ్లు రాసుకోమన్నాను. సామాను? "చిన్న సంచులు రెండు, 30 పౌండ్లు వేసుకో."

అన్నయ్య అన్నీ రాసుకుని ఒక్కసారి ఆగాడు. "నిజమేనా?"

"నిజమే అన్నయ్యా" అన్నాను.

శనివారం పొద్దున ఏడింటికి రీడ్ హిల్‌వ్యూ విమానాశ్రయానికి వెళ్ళాం. శాన్ హోసేలో ఇళ్ళ మధ్యనే ఉంటుందది. సెక్యూరిటీ లైన్లు లేవు, బోర్డింగ్ పాసులు లేవు. కంచెకి ఒక గేటు, గేటు దాటితే కట్టేసిన ఆవుల్లా వరసగా విమానాలు. నాన్న ఒక్కొక్కదాని దగ్గరా ఆగి టైర్లు చూశారు. "స్కూటరు టైరంత లేదు" అన్నారు మెల్లిగా నా చెవిలో.

అన్నయ్య అప్పటికే విమానం చుట్టూ తిరిగి పరీక్షలన్నీ చేసి ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. మా వెనకున్న సామాను చూసి నవ్వు ఆపేశాడు.

ఆదివారం పొద్దున టిఫిన్ బాధ్యత మాది. పద్నాలుగు మందికి ఇడ్లీలు. స్టీలు డబ్బా నిండా పిండి, ఇడ్లీ పాత్ర, అక్కడ ఉంటుందో లేదోనని మా మిక్సీ, ఆవకాయ, గోంగూర, ఒక నెయ్యి సీసా. ఇవి కాక చలేస్తుందని నాన్నకి రెండు స్వెట్టర్లు, ఒక రగ్గు.

అన్నయ్య ఏమీ అనలేదు. తన కారు డిక్కీలోంచి బాత్రూమ్ తూకం మిషన్ ఒకటి తెచ్చి తారు మీద పెట్టాడు.

"ఏమీ అనుకోకండి బాబాయ్. అందరూ ఒకసారి దీని మీద నిలబడాలి."

"చెప్పానుగా అన్నయ్యా" అన్నాను.

"చెప్పావు. ఆ డబ్బా చూశాక అడుగుతున్నా."

మా ఆయన కిందకి చూస్తూ "బూట్లు విప్పనా?" అన్నారు.

"బూట్లు కూడా విమానం ఎక్కుతాయిగా. ఉంచుకో."

మా ఆయన 192. నేను 148. నాన్న 158. నాన్న నమ్మలేదు, దిగి మళ్ళీ ఎక్కారు. మళ్ళీ 158. సామాను 64. అన్నయ్య తన 175 కూడా మా ముందే నిలబడి చూపించాడు. అతనొక్కడే నిజం చెప్పాడు.

కాగితం మీద లెక్క కట్టాడు. ఆ విమానం మొత్తం బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. ఖాళీ విమానం బరువు తీసేస్తే మనుషులకీ సామానుకీ ఇంధనానికీ కలిపి మిగిలేది 880. నేను ఫోన్లో చెప్పిన అంకెల ప్రకారం మేమంతా 653. దాన్ని బట్టి ముందురోజు 35 గ్యాలన్లు పోయించాడు. గ్యాలన్‌కి ఆరు పౌండ్లు, అంటే 210. కలిపితే 863. పదిహేడు పౌండ్లు మిగులు. తూకం మిషన్ ప్రకారం మేము 737. కలిపితే 947. అరవై ఏడు ఎక్కువ.

మా అబద్ధాలన్నీ కలిపితే 84 పౌండ్లు. అన్నయ్య ఇంకోలా చెప్పాడు. "84 పౌండ్లంటే 14 గ్యాలన్లు. గంటన్నర ఎగరడానికి సరిపోయే ఇంధనం. నువ్వు ఫోన్లో ఆ గంటన్నరా మాయం చేశావు."

నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో తూకం వేసినందుకు సగం, పట్టుబడినందుకు సగం. "రెండు వేల అయిదొందల పౌండ్ల విమానానికి 67 ఒక లెక్కా అన్నయ్యా? తయారుచేసినవాళ్ళు కొంత మార్జిన్ ఉంచుకునే ఉంటారుగా. మన సర్వర్లకి మనం ఉంచమా?"

"ఉంచుతారు. గాలి కుదిపినప్పుడు కోసం, ఇంజన్ ముసలిదైనప్పుడు కోసం, నా చేతిలో పొరపాటు జరిగినప్పుడు కోసం. నీ మిక్సీ కోసం కాదు."

తర్వాత కాస్త నెమ్మదిగా చెప్పాడు. తన భయం ఇక్కడ లేవడం గురించి కాదు. శాన్ హోసే సముద్ర మట్టానికి దగ్గర. తాహో విమానాశ్రయం 6,200 అడుగులకి పైన ఉంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుతుంది, ఎండ ఆ గాలిని ఇంకా పల్చన చేస్తుంది. ముప్పై డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి తొమ్మిది వేల అడుగుల పైన ఉండే గాలిలా పనిచేస్తుంది. పల్చటి గాలి ఇంజన్‌కి చాలదు, ప్రొపెల్లర్‌కి చిక్కదు, రెక్కని మొయ్యదు. మూడూ ఒకేసారి బలహీనపడతాయి. చుట్టూ కొండలు. "ఇక్కడ 67 పౌండ్లు ఎక్కువైతే కాస్త బద్ధకంగా లేస్తుంది. అక్కడ లేవడానికి మనసు రాకపోవచ్చు."

ఇంటికొచ్చాక చదివాను. 2003 జనవరి 8న షార్లెట్‌లో పంతొమ్మిది మంది ప్రయాణికులతో లేచిన చిన్న విమానం నిమిషం లోపే కూలి, లోపలున్న ఇరవై ఒక్క మందీ పోయారు. తోకలో కేబుల్ మరమ్మతు సరిగ్గా చెయ్యకపోవడం ఒక కారణం. బరువు పరిమితి దాటి, అదీ తోక వైపుకి ఎక్కువైపోవడం ఇంకో కారణం. అప్పట్లో ప్రయాణికుల్ని తూచకుండా ఒక సగటు బరువు వేసుకునేవారు. మనుషులు ఎప్పుడో ఆ సగటుని దాటిపోయారు. కాగితం మీద అంకెలన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఆ ప్రమాదం తర్వాత ఆ సగటు పెంచారు. ఫోన్లో నేను చెప్పిన 130 కూడా కాగితం మీద పద్ధతిగానే ఉంది.

అయితే ఆ పొద్దున నాకివేమీ తెలియవు. మూతి ముడుచుకుని నిలబడ్డాను. అప్పుడు నాన్న మాట్లాడారు.

"అబ్బాయి చెప్పేది నిజమేనమ్మా. కోటప్పకొండ తిరునాళ్ళకి జనం ఎక్కేసేవాళ్ళు. సర్దుకోండి, సర్దుకోండి అని నేనే అరిచేవాణ్ణి. ఘాటు రోడ్డులో బండి ఎక్కలేక రొప్పేది. అప్పుడు అందరూ దిగి నడిచేవాళ్ళు, బండి పైకెళ్ళాక మళ్ళీ ఎక్కేవాళ్ళు." ఒక్కసారి ఆకాశం వైపు చూశారు. "బస్సు కాబట్టి సర్దుకుంది. ఆగిపోతే దిగి తొయ్యొచ్చు. ఇది ఆగితే ఎవరు తోస్తారు?"

అన్నయ్య పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంధనం తీసేద్దామంటే ఒకసారి ట్యాంకులో పోశాక తియ్యడం అంత తేలిక కాదు, తీస్తే చేతిలో గంట సేపటి నిల్వ మిగలదు. సామాను మొత్తం దింపేసినా ఇంకా మూడు పౌండ్లు ఎక్కువే. కాబట్టి ఒకరు ఆగాలి. సామానూ ఆగాలి. మా కారు గేటు బయటే ఉంది.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. "నేను ఆగుతా." "కాదు నేనాగుతా." "మీరు వెళ్ళండి, నాకసలు విమానాలంటే పడవు." ముగ్గురం ఒకరినొకరం తోసుకున్నాం. మా ఆయన ఆ వారమంతా ఆన్‌కాల్‌లో ఉన్నారు, ముందురోజు రాత్రి మూడు గంటలు నిద్రపోయారేమో. నాలుగు గంటలు కారు నడిపే స్థితి కాదు. నాన్నకి ఇక్కడ డ్రైవింగ్ లేదు.

"నన్ను ఇంటి దగ్గర దింపెయ్యండమ్మా. ఫ్రిజ్‌లో అన్నం ఉంది, పెరుగుంది. రేపటికల్లా మీరొచ్చేస్తారుగా" అన్నారు నాన్న.

నేను వెంటనే "అదేంటి నాన్నా" అనాలి. అనలేదు. ఇల్లు ఇరవై నిమిషాల దూరం. దింపి వచ్చేస్తే నేను ఎక్కొచ్చు. ఆ లెక్క నా బుర్రలో మూడు సెకన్లు తిరిగింది. మూడు సెకన్లే. బరువు రాశాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఎవరికీ తెలియలేదనే అనుకుంటున్నాను గానీ, ముప్పై ఏళ్ళు ప్యాసింజర్ల మొహాలు చూసి టిక్కెట్టు తీశాడో లేదో చెప్పిన మనిషి ఆయన.

అన్నయ్య ఆ మౌనాన్ని తెంపాడు. "బాబాయ్ ముందు సీట్లో కూర్చుంటారు. మిగతాది మీరిద్దరూ తేల్చుకోండి."

నేను తాళాలు తీసుకున్నాను. పిండి డబ్బా, మిక్సీ, ఆవకాయ, రగ్గు కార్లో పెట్టుకున్నాను. కంచె ఇవతల నిలబడి చూశాను. ముందు సీట్లో నాన్న చెవులకి పెద్ద హెడ్‌సెట్, ఒళ్ళో రెండు చేతులూ కట్టుకుని, స్కూల్లో గ్రూప్ ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. విమానం లేచింది. చెయ్యి ఊపాను. పైలట్ పక్కన కూర్చున్నవాళ్ళకి కంచె దగ్గర చేతులు కనిపిస్తాయో లేదో.

ఆ నాలుగు గంటలూ, నిజానికి అయిదు, నాకు తోడు ఇడ్లీ పిండి. శాక్రమెంటో ఎండకి అది పొంగడం మొదలుపెట్టింది. ప్లాసర్‌విల్ దాటేసరికి మూత తోసుకుని బయటికొచ్చింది. ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి, సీటు తుడుస్తూ కాసేపు ఏడ్చాను. పిండి కోసం కాదు. ఆ మూడు సెకన్ల కోసం కొంత, పక్కన కూర్చుని చూద్దామనుకున్న మొహం కోసం కొంత. ఏడ్చాక ఆకలేసి ఒక చిప్స్ ప్యాకెట్ కొని పక్క సీట్లో పడేశాను.

యాభయ్యో నంబరు హైవే ఎకో సమ్మిట్ దగ్గర 7,382 అడుగుల ఎత్తులో కొండ దాటుతుంది. అక్కడ పక్కకి చూస్తే చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బి ఉంది, వేలు తగిలితే పేలేట్టుంది. లోపల కింద ఊరి గాలి, బయట కొండ మీద గాలి. పొద్దున అన్నయ్య అన్నన్ని మాటలతో చెప్పింది ఒక చిప్స్ ప్యాకెట్ ఊరికే చూపించింది. గాలి ఇంత పల్చనా అనుకున్నాను. నా కారు కూడా ఎక్కుడులో రొప్పుతోంది.

ఆ క్షణంలో మొదటిసారి భయం వేసింది. తూకం మిషన్ మీద కాదు, విమానం ఎక్కడానికి కాదు. అన్నయ్య నా మాట నమ్మి ఉంటే? "నిజమేనా" అంటే "నిజమే" అన్నాను కదా. అతను మొహమాటపడి, పెద్దాయన ముందు ఆడపిల్లని తూకం ఎక్కమంటే ఏం బాగుంటుందని ఊరుకుని ఉంటే? మనవాడైన ఇంకెవరైనా సరే ఊరుకునేవాడే. ఆ చోట నేనున్నా ఊరుకునేదాన్నే.

ఇల్లు చేరేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ పిల్లలు. ఆరోసారో ఏడోసారో చెబుతున్నట్టున్నారు, పిల్లలే మధ్యలో అందిస్తున్నారు. ఎర్ర నాబ్ ఒకటుంటుందట, పైకెళ్ళేకొద్దీ అన్నయ్య దాన్ని కొంచెం కొంచెం లాగుతుంటాడట. గాలి పల్చబడితే ఇంధనం కూడా తగ్గించాలి, లేకపోతే ఇంజన్‌కి అజీర్తి చేస్తుంది. అజీర్తి అన్న మాట నాన్నదే. నన్ను చూసి లేచారు.

"మీ రోడ్డు కనిపించిందమ్మా. చీమల బారులాగా కార్లు. అందులో ఎక్కడో నువ్వు ఉంటావనుకున్నా." కాసేపాగి "చెయ్యి ఊపావు, చూశాను" అన్నారు.

అప్పటికే అన్నయ్య లెక్క పంపాడు. గంటన్నరకి 285, ముగ్గురికి తలా 95. తన 95 తనదే. బిల్లు కోసం ఎవరూ కుస్తీ పట్టలేదు.

ఆదివారం ఎండెక్కకముందే బయల్దేరాలని ఏడింటికి విమానాశ్రయం చేరాం. పన్నెండు గంటలు గుర్రుపెట్టి లేచిన మా ఆయన అమ్మనీ ఖాళీ డబ్బాలనీ కార్లో ఎక్కించుకున్నారు. నాలుగో సీటు ఎవరికీ ఇవ్వలేదు. మూడో కుటుంబంలో ఒకరు "ఖాళీయే కదా, నేనొస్తా" అంటే అన్నయ్య నవ్వి "అది ఖాళీ కాదు" అన్నాడు.

ఎవరూ అడగకుండానే నేను తూకం ఎక్కాను. 149. ఇడ్లీలు.

నాన్న నన్ను ముందు సీట్లోకి తోశారు. "నాకు వెనకే అలవాటమ్మా" అంటూ వెనక్కి ఎక్కి పక్క సీటు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. రన్‌వే మొదట్లో నిలబడి అన్నయ్య ఒక్కొక్క గేజీ చూసుకుంటున్నాడు. అంతా అయ్యాక "బాబాయ్, రెడీనా?" అన్నాడు మైకులో.

వెనక నుంచి హెడ్‌సెట్లలో, ముప్పై ఏళ్ళ అలవాటు గొంతు: "రైట్... రైట్!"

పొడుగు రన్‌వే అది, ఎనిమిది వేల అడుగులు దాటి ఉంటుంది. అయినా నేల వదలడానికి ఇంతసేపా అనిపించింది. బే మీద తిప్పిన రోజు పైకెక్కే వేగం చూపించే ముల్లు నిమిషానికి ఏడొందలు దాటడం నాకు గుర్తుంది. ఇక్కడ ముగ్గురమే ఉన్నాం, సామాను లేదు, చల్లటి పొద్దు. ముల్లు అయిదొందల దగ్గర వణుకుతోంది. సరస్సు ఒక పక్క, మూడు పక్కలా కొండలు. అన్నయ్య తొందరపడలేదు, నీళ్ళ మీదుగా వెడల్పుగా తిప్పుతూ ఎత్తు సంపాదించుకున్నాడు. నేను నీళ్ళు చూడలేదు, ముల్లునే చూస్తున్నాను. 84 పౌండ్లు ఎంత బరువో అప్పుడు తెలిసింది.

శిఖరాలు కిందకి వెళ్ళాక వెనక్కి తిరిగాను. నాన్న కిటికీకి నుదురు ఆనించుకుని ఉన్నారు. నేను చూస్తున్నానని ఆయనకి తెలియదు. ఆ మొహం ఎలా ఉందో మాత్రం రాయను, అది నా దగ్గరే ఉంచుకుంటాను.

ఆగస్టులో వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. కిందటి వారం అన్నయ్య మా గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "అక్టోబర్లో మాంటెరే. సీట్లు రెండు, మూడోది లెక్క చూశాక. బరువులు పంపండి." నేను 148 అని పంపాను. మా ఆయన 194 అని పంపారు. రెండు పౌండ్లు పెరిగిందని పక్కన ఏడుపు బొమ్మ కూడా పెట్టారు.

కాసేపటికి నరసరావుపేట నుంచి నాన్న మెసేజ్ వచ్చింది. కిరాణా కొట్టులో కాటా మీద నిలబడ్డ ఫోటో. కింద రాశారు: "72 కిలోలు. చెప్పులతో."